కంప్యూటర్ మిషనుకు రెండు బకెట్లు

ఏది వదులైనా స్పానర్ పట్టుకొని బిగించడానికి ఉరికేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకు వదులైందో చూడరు. ఎక్కడ వదులైందో చూడరు. బిగిస్తారు, చేతులు దులుపుకుంటారు. ఇట్లాంటివాళ్లు పాడుచేసినవాటిని బాగుచేయడంలోనే నా బతుకు సగం పోయింది. వాళ్లలో చాలామంది చదువుకున్నవాళ్లు. నేను నలభై దాటాక, అదీ నా భార్య పోరు పడలేక, అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. ఈ రాతలో తప్పులుంటే ఉంటాయి. మిషను గురించి చెప్పినదాంట్లో మాత్రం ఉండవు.

లేతు పని, అంటే తిరిగే ఇనుమును కొలతకు కోసే పని, నేను నేర్చుకున్నది నందికొండలో. కాలువ షట్టర్లు, పంపులు బాగుచేసే వర్క్‌షాపు అది. ఎనభైల మొదట్లో హెల్పరుగా చేరాను. నన్ను చేరదీసిన ఉస్తాద్‌కు ఉర్దూ తప్ప ఇంకో రాత రాదు, నాకు ఆ ఒక్కటీ రాదు. మొదటి రోజే లేతు హ్యాండిల్ నా చేతికిచ్చి తిప్పమన్నాడు. తిప్పాను. హ్యాండిల్ తిరిగింది గానీ కోసే పనిముట్టు కదల్లేదు. ఇంకొంచెం తిప్పాక కదిలింది.

"ఏం సమజైంది?" అన్నాడు.

"మిషన్ ఖరాబున్నది ఉస్తాద్."

"మిషన్ కాదు, నీ దిమాక్ ఖరాబున్నది. దీన్ని ప్లే అంటరు. స్క్రూకు నట్టుకు నడుమ సందు. సందు లేకుంటె స్క్రూ తిరగనే తిరగది. నీ కాలుకు చెప్పుకు నడుమ సందు లేదా? మరి నడుస్తలేవా?"

తర్వాత ఆయన చెప్పిన మాట మీదే నేను ముప్పై ఏళ్లు అన్నం తిన్నాను. "హ్యాండిల్ డయల్ మీద ఏ గీతకు పోవాల్నన్నా ఒక్క దిక్కు నుంచే రావాలె. దాటిపోయినవా? అర చుట్టు ఎన్కకు పో. మల్ల అదే దిక్కు నుంచి రా. అప్పుడు సందు ఎన్కనే ఉంటది, నీ పనికి అడ్డం రాదు."

అంతే. రోజుకు కొన్ని వందలసార్లు చేసే పని ఇది. ఏడాది తిరిగేసరికి చెయ్యి దానంతటదే చేస్తుంది, మనసుకు తెలియను కూడా తెలియదు.

కాలువ షట్టర్ల పని కూడా అక్కడే చేశాను. షట్టరంటే కాలువకు అడ్డంగా నిలబెట్టిన ఇనుప తలుపు. పైనున్న చక్రం తిప్పితే స్క్రూ దాన్ని లేపుతుంది, దించుతుంది. ఆ స్క్రూలు ఎండలో వానలో అరిగి అరిగి, మరలు కత్తి అంచుల్లాగా పలచబడి ఉండేవి. ఒకసారి ఒక దాన్ని విప్పి కొత్త నట్టు చేస్తానని ఉత్సాహపడ్డాను. ఉస్తాద్ నా నెత్తి మీద ఒకటిచ్చి, "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్? షట్టర్ బరువంత దానికి యాలాడుతున్నది. లేపినా దించినా నట్టు ఒక్క దిక్కే ఆనుకొనుంటది. ఎంత అరిగితే ఏంది?" అన్నాడు. విన్నాను. మర్చిపోయాను.

తొంభైల మొదట్లో ఆ కొలువు పోయి షాద్‌నగర్ వచ్చాను. అప్పుడక్కడ ఎటు చూసినా రేకుల షెడ్లు లేస్తున్నాయి. ఒక సేటు దగ్గర లేతు మీద నిలబడ్డాను. సేటుకు మిషన్ల గురించి తెలిసిందల్లా అవి చప్పుడు చేస్తాయని. చప్పుడు లేకపోతే పని ఆగిందనుకొని ఉరికి వచ్చేవాడు. ఆ లేతు నాకంటే పెద్దది. దాని పేరు, అది పుట్టిన ఊరు రాసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. అడ్డంగా కోసే హ్యాండిల్‌లో పావు చుట్టు ప్లే ఉండేది. పావు చుట్టు! ఇంకెవరు పట్టుకున్నా తిట్టేవారు. నాకది అలవాటైన ఎద్దు. ఏ మూల ఏం చేస్తుందో నాకు తెలుసు, నా చెయ్యి ఏం చేస్తుందో దానికి తెలుసు.

ఆ రోజుల్లోనే మా వాడకట్టులో పెద్దలకు సాయంత్రం బడి పెట్టారు. నా భార్య పోయింది, మూడు నెలల్లో బస్సు బోర్డులు చదివింది. నేను పోలేదు, సిగ్గు. ఆమె ఇంట్లో పలక ముందర పెట్టి కూర్చోబెట్టింది. ఇనుమును వెంట్రుక మందాన గీసే చెయ్యి నాది. బలపం పట్టుకుంటే మాట వినలేదు. నేను రాసిన సున్నా మొదలుపెట్టిన చోటికి వచ్చి కలవదు. పక్కనుంచి పోతుంది.

"ఏందయ్యా, నీ సున్న నోరు తెరుసుకొని సూస్తాంది. ఆకలైతున్నదేమో, బువ్వ పెట్టు," అనేది ఆమె.

"నోరు ముయ్యవే."

"నేను మూస్త. ముందు దాని నోరు ముయ్యి."

నెల రోజులు నా సున్నాలు నోరు తెరిచే ఉన్నాయి. అందుకే కలవని సున్నా ఎక్కడున్నా నాకు ముందు అదే కనబడుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

సేటుకు ఒక బామ్మర్ది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరకక అక్క ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక కంప్యూటరు, ఒక ఆలోచన తెచ్చాడు. రాయి మీద అక్షరాలు చెక్కే మిషను మనమే తయారుచేద్దాం, పెద్ద కంపెనీల మిషను కొనే పని లేదు అన్నాడు. సేటు కళ్లు మెరిశాయి. గుడి రాళ్లు, బడి రాళ్లు, ఇంటి ముందు పేరు రాళ్లు, అన్నిటికీ ఊరూరా గిరాకీ ఉంది.

ఆలోచన తప్పని నేను అనను. కంప్యూటర్ చెప్తే మోటారు తిరుగుతుంది, మోటారు స్క్రూను తిప్పుతుంది, స్క్రూ రాయిని మోసే బల్లను నడుపుతుంది. ఒక స్క్రూ నిలువుకు, ఒకటి అడ్డానికి, ఇంకొకటి చెక్కే మోటారును పైకి కిందికి నడపడానికి. చట్రం నేనే వెల్డింగ్ చేయించాను. నట్లు నేనే నా లేతు మీద గన్‌మెటల్‌తో, అంటే రాగి కలిపిన లోహంతో, చేశాను. స్క్రూలు మాత్రం సేటు పాత సామాన్ల బజారులో తూకానికి కొనుక్కొచ్చాడు. ఏదో పాత మిషన్లోంచి పీకినవి. వాటి మీద వేలు జరిపి చూశాను. రెండు చివర్లా మర నిండుగా ఉంది. నడుమ అరిగిపోయింది. మిషన్ ఎప్పుడూ నడుమనే కదా పనిచేసేది.

"సేటు, గీ స్క్రూలు నడుమల అరిగినయ్," అన్నాను.

సేటు బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది స్క్రూ వైపు చూడనే లేదు. "మిస్త్రీ, నట్టు మంచిగ చేస్తె చాలు. మిగిలింది నేను చూస్కుంట," అన్నాడు. కొత్త ప్యాంటుకు నూనె అంటుతుందని ఆయన భయం.

మిషను తయారైంది. కొబ్బరికాయ కొట్టారు, కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టారు. మా ఇంజనీరు బామ్మర్ది పరీక్షకు ఒక గుండ్రం గీయించాడు. అద్దంలో పెట్టినట్టు వచ్చింది. సేటు చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. ఎందుకంటే ఆ గుండ్రం గీసింది బల్ల ఎడమ మూలన. తర్వాత రెండు వారాలు చేసిన పరీక్షలన్నీ ఆ మూలనే. ఎందుకో తెలుసా? ఫ్యాను అక్కడుంది. కంప్యూటరు, కుర్చీ, కూల్‌డ్రింకు సీసా, అన్నీ అక్కడే. మే నెల. కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపితే అందే జాగాలో పరీక్ష చేశాడు. స్క్రూ అక్కడ కొత్తది లెక్కే కదా. ఇంత చదివినవాడు ఫ్యాను గాలి కోసం మిషను మొత్తం పరీక్షించకుండా వదిలేశాడు. దీన్ని నేను మనసులో ఇప్పటికీ నములుతుంటాను.

ఆ మూలనే చెక్కిన ఒక చిన్న నమూనా రాయి చూసి ఒక పాస్టరయ్యగారు మూడడుగుల రాయికి ఆర్డరిచ్చాడు. ఊళ్లో కూలీనాలీ చేసుకునేవాళ్లు తలా ఒక రోజు పని చేసి కట్టుకున్న మందిరమట. తలుపు పైన పెట్టే రాయి. "దేవుని మందిరము" అని, కింద ఊరి పేరు.

రాయి ఎక్కించారు. ఎడమ చివర "దే" చక్కగా వచ్చింది. అక్కడనుంచి మిషను నడుమకు జరిగింది. నడుమకు వచ్చేసరికి అక్షరాలు ఏవోలాగా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలయితే నిలువు గీతలు, అడ్డం గీతలు, ఎలాగో దాటిపోయేవేమో. మన అక్షరాలన్నీ గుండ్రాలే. గుండ్రం గీయాలంటే బల్ల నాలుగుసార్లు దిక్కు మార్చుకోవాలి. దిక్కు మారినప్పుడల్లా స్క్రూ ఖాళీగా తిరుగుతుంది, బల్ల కదలదు, గుండ్రం అక్కడ చదునైపోతుంది. "మందిరము"లో "మ" తర్వాతి సున్నా మొదలైన చోటికి రాకుండా పక్కనుంచి పోయింది. నోరు తెరిచింది. నాకు నా పలక గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వు సేటు చూశాడు.

"రాయి ఖరాబైతే నవ్వుతున్నవా?"

"సున్న కలువలేదు సేటు."

"నీకు సున్న తెల్సా?" అన్నాడు ఇంజనీరు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అది ఇంకా కోపం తెప్పించింది.

ఇక బిగించడం మొదలైంది. నట్టును నిలువునా చీల్చి, బోల్టు పెట్టి, స్క్రూను పట్టుకునేలా బిగించమన్నారు. చేశాను. నడుమ బాగా బిగిసింది. బల్ల చివరకు పోయేసరికి నిండు మర దగ్గర నట్టు పట్టేసింది. మోటారు గుర్రుమంది, తిరగలేకపోయింది. అది తిరగలేదని కంప్యూటరుకు తెలియదు, తిరిగిందనుకొని లెక్క ముందుకు నడిపింది. అక్షరం మీద అక్షరం ఎక్కింది. ఇంజనీరు గ్రీజు పెట్టమన్నాడు. నడుమ అరిగిన స్క్రూకు గ్రీజు పెడితే ఏమవుతుంది? గ్రీజు పెట్టిన అరిగిన స్క్రూ అవుతుంది.

తర్వాత ఆయన బోల్టును కొంచెం సడలించి, సందును కొలిచి, ఆ అంకె కంప్యూటర్‌లో రాశాడు. దిక్కు మారినప్పుడల్లా అంత ఎక్కువ తిప్పమని. ఎక్కడ కొలిచాడు? ఫ్యాను కింద కాదులెండి, ఈసారి నడుమ కొలిచాడు. నడుమ గుండ్రం కుదిరింది. చివర్లో, సందు లేని చోట కూడా అంత ఎక్కువే తిరిగి, గుండ్రానికి కొమ్ములు మొలిచాయి. స్క్రూ మీద జానకొక తీరు ఉన్న సందును ఒక్క అంకెతో పూడుస్తాననుకున్నాడు.

రాయి పోయింది. పాస్టరయ్యగారు వచ్చే సోమవారం వస్తానన్నాడు. బావ, బామ్మర్ది కూర్చొని తప్పెవరిదో తేల్చడానికి పూనుకున్నారు. ఇంజనీరు నా లేతు దగ్గరికి వచ్చి హ్యాండిల్ అటూ ఇటూ ఆడించాడు.

"బావా, సూడు. గీ లేతుకే గింత ప్లే ఉన్నది. దీని మీద చేసిన నట్టు ఎట్లుంటది? గోళీల స్క్రూలు తెప్పిద్దాం. లోపల గోళీలు తిరుగుతయ్, ప్లే ఉండది."

"మస్తు పిరం గదరా."

"గీ పాత లేతు అమ్మేద్దాం. జాగ కూడ కలిసొస్తది."

నేను అక్కడే ఉన్నాను. చేతిలో నేను చేసిన నట్టే ఉంది. కొత్త స్క్రూ మీద పెడితే చీమ దూరదు దానిలో. కానీ అడిగిందెవరు?

సేటు నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వేం ఫికర్ చెయ్యకు మిస్త్రీ. గేటు కాడ కుర్చీ ఏస్త. కూసో. లారీలు వచ్చేటియ్ పోయేటియ్ రాస్కో. అక్షరాలు వచ్చినయ్ గద నీకు."

నేర్చుకున్న అక్షరాలు ఇట్లా నా మీదికే వస్తాయనుకోలేదు. మరునాడే పాత ఇనుము కొనే భాయి వచ్చాడు. లేతు చుట్టూ తిరిగి, సుద్దముక్కతో దాని గేర్ల పెట్టె మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత కొట్టాడు. ఇది నాది అని గుర్తు. "శుక్రవారం లారీ తెస్త," అన్నాడు. ఆ రోజు మంగళవారం.

ఇంటికి పోయి చెప్తే నా భార్య, "ఏడుస్తవా?" అంది.

"ఎందుకేడుస్త?"

"మరి మొకం గట్ల ఎందుకు పెట్టినవ్? లేతు పోతే నువ్వు గేటు కాడ కుక్క లెక్క కూసోవని నాకు తెల్సు. కూసునే మనిషివైతే ఈ పాటికి కూసుందువు. పోయి ఏదో ఒకటి చెయ్యి."

బుధవారం పొద్దున సేటు ఇంకా రాలేదు. పాడైన రాయిని బల్ల మీదనుంచి దింపబోయి, ఊరికే అక్షరాల గాడుల్లో వేలు పెట్టి చూశాను. చదవడం నేర్చుకున్నా నాకు వేలితో చూడందే నమ్మకం లేదు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, నిజమే. కానీ లోతు? ఈ చివరినుంచి ఆ చివరిదాకా లోతు ఒక్కటే. వెంట్రుక తేడా లేదు. పైకి కిందికి నడిపే స్క్రూ కూడా ఆ బజారుదే. అదీ అరిగినదే. అన్ని అక్షరాల్లో అన్నిసార్లు కిందికి దిగింది, పైకి లేచింది. ఒక్కసారి తప్పలేదు. ఇన్ని రోజులు అందరం బాగాలేనివాటి చుట్టూ తిరిగాం గానీ, బాగున్నది ఎందుకు బాగుందని ఒక్కడూ అడగలేదు. నేను కూడా.

దాని మీద చెక్కే మోటారు వేలాడుతోంది. బరువు. పైకి పోయినా కిందికి వచ్చినా నట్టు ఒక్క దిక్కే ఆనుకొని ఉంటుంది. నెత్తి మీద ఉస్తాద్ ఇచ్చిన దెబ్బ పద్నాలుగేళ్ల తర్వాత నొప్పి పుట్టింది. కాలువ షట్టరు.

మొదట చేసిన పని, నట్టుకు బిగించిన బోల్టును పూర్తిగా వదులు చేయడం. సరిగ్గా అప్పుడే ఇంజనీరు లోపలికి వచ్చాడు.

"మిస్త్రీ, ఏం చేస్తున్నవ్? లూజ్ చేస్తున్నవా?"

"అవ్ సారు."

"అసలే లూజున్నదని మేం చస్తుంటే!"

"మీరు సచ్చింది బిగించుట్ల సారు. జర ఆగుండ్రి."

బజారుకు పోయి బావి గిరకలు రెండు, తాడు, రెండు ఇనుప బకెట్లు తెచ్చాను. గిరకలు షెడ్డు దూలానికి వేలాడదీశాను. తాడు ఒక కొస బల్లకు, ఇంకో కొస గిరక మీదుగా బకెట్‌కు. బల్ల ఎటు పోయినా బకెట్ దాన్ని ఒక్క దిక్కుకే గుంజుతుంటుంది. రెండో బకెట్ బల్లను అడ్డంగా గుంజడానికి. బకెట్లలో నా లేతు కింద రాలిన ఇనుప పొట్టు పోశాను. నా చెయ్యి ఎప్పుడూ ఒక దిక్కునుంచే వస్తుంది, మిషనుకు ఆ బుద్ధి లేదు. ఆ బుద్ధి ఇప్పుడు బకెట్ చెప్తుంది. ఇంతే సంగతి.

ఇంజనీరు నవ్వాడు. లోపలికి వస్తున్న సేటును చూసి ఇంకా నవ్వాడు. "బావా, నేను కంప్యూటర్ మిషన్ చేస్తె, మిస్త్రీ దాన్ని మోట చేసిండు. ఇగ రెండెడ్లు కడితే పొలం పారుతది."

"తీసెయ్యవయ్యా," అన్నాడు సేటు. "ఎవలన్న జూస్తె ఇజ్జత్ పోతది."

"ఒక్క సున్న కొట్టనియ్యి సేటు. ఎట్లైనా శుక్రవారం పోయేటోణ్ని."

పాడైన రాయిని బోర్లా తిప్పి, సరిగ్గా నడుమ ఒక సున్నా చెక్కమన్నాను. ఇంజనీరు కంప్యూటర్‌లో రాసుకున్న అంకె కూడా తీసేయమన్నాను. మొహం మాడ్చుకొని తీసేశాడు. మిషను కదిలింది. బకెట్ లేచింది, దిగింది. సున్నా ఇంకా నోరు తెరిచే ఉంది గానీ మొదటంత కాదు. బరువు చాల్లేదు, చెక్కే ముక్కు రాయిని నెడుతుంటే బల్ల వెనక్కి జరుగుతోంది. నాలుగు దోసిళ్ల పొట్టు పోశాను. ఈసారి బకెట్‌ను లేపలేక మోటారు గుర్రుమంది. కూరలో ఉప్పు ఎక్కువైతే తీయలేం, ఇది నయం. ఒక దోసెడు తీశాను. మళ్లీ కొట్టమన్నాను.

"ఎంత బరువు? లెక్క ఉండాలె గద," అన్నాడు ఇంజనీరు.

"మీరు లెక్క చేసుకోండ్రి సారు. గంతల నేను సున్న చేస్త."

మూడోసారి కలిసింది. మొదలైన చోటికి వచ్చి, తన తోక తనే పట్టుకుంది. కుడి చివర కొట్టించాను. ఎడమ చివర, ఫ్యాను కింద కొట్టించాను. అన్నీ కలిశాయి. గోటితో గాడి చుట్టూ తిరిగాను, ఎక్కడా తట్టుకోలేదు. పరికించి చూస్తే స్క్రూ అరుగుదల వల్ల నడుమ జాన దూరంలో వెంట్రుకంత తేడా ఉండే ఉంటుంది. తలుపు పైన పెట్టే రాయికి ఆ వెంట్రుక ఎవడిక్కావాలి?

సేటు బకెట్ల చుట్టూ తిరిగి చూశాడు. నేను సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అన్నది, "ప్లైవుడ్ తెప్పియ్యి. గివి కనవడొద్దు."

గురువారం నాడు బకెట్ల చుట్టూ ప్లైవుడ్ పెట్టె కట్టి, నీలం రంగు కొట్టారు. దాని మీద ఇంజనీరు ఎర్ర రంగుతో "ప్రమాదం" అని రాశాడు. నేను చదివిన మాటల్లో అంత అబద్ధపు మాట ఇంకోటి లేదు. ఆ రోజే కొత్త రాయి ఎక్కించి మొత్తం చెక్కారు. నేను పక్కన నిలబడి ప్రతి అక్షరం వేలితో చూసుకున్నాను.

శుక్రవారం లారీ వచ్చింది. ఇనుము భాయి ఇద్దరు హమాలీలతో దిగాడు. సేటు గడప దగ్గరే ఆపి, "లేతు అమ్ముత లేం భాయ్," అన్నాడు. "గోళీల స్క్రూలు వద్దనుకున్నం." నా మాట ఎత్తలేదు, బకెట్ మాట అసలే ఎత్తలేదు. భాయి నా వైపు చూసి, "క్యా మియా, బచ్ గయే?" అన్నాడు, బతికిపోయావే అన్నట్టు. తన కండువాతో తన సుద్ద గుర్తు తనే తుడిచేసి పోయాడు. ఆ షెడ్డులో ఆ వారం మర్యాద తెలిసినవాడు ఆయనొక్కడే.

సోమవారం పాస్టరయ్యగారు వచ్చాడు. రాయి చూసి మెచ్చుకున్నాడు. సేటు ఇంజనీరు భుజం తట్టి, "అంత మా బామ్మర్ది దిమాక్ అయ్యగారు, కంప్యూటర్," అన్నాడు. అయ్యగారికి చూపించడానికి మిషను నడిపారు. పెట్టె లోపల ఇనుప పొట్టు గలగలమంది. ఆయన ఆగి విన్నాడు. "ప్రమాదం" అన్న పెట్టె పక్కనుంచి వంగి లోపలికి చూశాడు. పెద్దగా నవ్వాడు.

"మా ఊరి కాలువ షట్టర్ లెక్కనే బరువు యాలాడుతున్నది గదయ్యా. మేం చిన్నప్పుడు నీళ్లకు దానికాడనే కావలి కాసేది. మంచి పని చేసిన్రు."

సేటు మొహం చూడాల్సింది అప్పుడు. మిషనును మెచ్చుకున్నవాడు సరిగ్గా ఆయన దాచిన దాన్నే మెచ్చుకున్నాడు.

ఇంజనీరును మరీ తీసిపారేయను. ఒక రోజు ఎవరూ లేనప్పుడు లేతు దగ్గరికి వచ్చి, ఇంత ప్లే ఉంటే కొలత ఎట్లా వస్తుందని అడిగాడు. హ్యాండిల్ ఆయన చేతికిచ్చాను. గీత దాటించి, వెనక్కి తీసుకుపోయి, మళ్లీ రమ్మన్నాను. నాలుగుసార్లు చేశాడు, నాలుగుసార్లూ ఒకే కొలత వచ్చింది. "కాలేజ్‌ల గిది చెప్పలే," అన్నాడు. చెప్పే ఉంటారు, ఈయన ఫ్యాను కింద కూర్చుని ఉంటాడు. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు.

రెండేళ్లు మిషను బకెట్లతోనే నడిచింది. ఆ తర్వాత సేటుకు ప్లాట్ల పిచ్చి పట్టి, రాళ్ల మీద మనసు పోయింది. హుజూర్‌నగర్ నుంచి ఒకాయన మిషను కొనడానికి వస్తున్నాడని తెలిసింది. ఆయన వచ్చే ముందు రోజు సేటు నన్ను పిలిచి, పెట్టె, బకెట్లు, గిరకలు విప్పమన్నాడు.

"సేటు, అవి లేకుంటె అది నడువది."

"నడుస్తది తియ్. కంప్యూటర్ మిషన్ అని చెప్పి బకెట్ సూపెట్టాల్నా? నవ్వి పోతడు."

"నవ్వనియ్యి. నవ్వి తీస్కపోతడు."

"ఇప్పుతవా, ఇప్పవా?"

"ఇప్ప," అన్నాను.

సేటే స్టూలెక్కి విప్పాడు. బకెట్లు ఇంటికి తీసుకుపోయాడు. వాటిలోనే వాళ్ల ఇంట్లో బర్రెకు కుడితి పెట్టడం నా కళ్లతో చూశాను. కొనేవాడు వచ్చాడు. ఎడమ మూలన ఒక గుండ్రం గీసి చూపించారు. అద్దంలో పెట్టినట్టు వచ్చింది.

పదిహేను రోజుల తర్వాత ఆయన మళ్లీ దిగాడు. తువ్వాలలో చుట్టిన రాతిముక్క సేటు టేబుల్ మీద ధబీమని పెట్టాడు. సున్నా నోరు తెరిచి ఉంది. సేటు నా వైపు వేలు చూపించాడు. ఆయన నా లేతు దగ్గరికి వచ్చాడు. తెల్లటి చొక్కా, మడత నలగలేదు.

"నట్లు చేసింది నువ్వేనంట గదా?"

"నేనే. మిషన్ల తప్పు కనవడ్డంక మొదలు ఏం చేసినవ్?"

"ఏం చేస్తం? బిగించిన. మోటార్ గుర్రుమంటున్నది. మల్ల బిగించిన."

నేను లేతు ఆపి, ఉన్నదున్నట్టు చెప్పాను. నట్టు వదులు చెయ్యి, రెండు గిరకలు కట్టు, రెండు బకెట్లు వేలాడదీయి, సున్నా కలిసేదాకా ఇనుము పొయ్యి. ఇంతకంటే సూటిగా ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఆయన మొహం ఎర్రబడింది.

"కంప్యూటర్ మిషన్ కొన్నోణ్ని బకెట్ కట్టుమంటున్నవా? నేను పిచ్చోని లెక్క కనవడుతున్ననా?" అని, కోపంగా చెయ్యి చాపి నా లేతు హ్యాండిల్ పట్టుకొని అటూ ఇటూ ఆడించాడు. "గీ లేతుకే గింత ప్లే ఉన్నది! నువ్వు నాకు చెప్పొస్తున్నవా?"

నేను ఆయన కదిలించిన హ్యాండిల్‌ను అర చుట్టు వెనక్కి తీసుకుపోయి, మళ్లీ గీత మీదికి వచ్చి, పని మొదలుపెట్టాను. ఆయన వెనక్కి తిరిగి సేటు మీద అరుస్తూ పోయాడు. లేతుకు ఆనిన తెల్ల చొక్కా మోచేతికి అరచెయ్యంత నల్ల నూనె అంటింది. నేను ఆయనకు చెప్పలేదు.